గులాబీ కింద

జైలు, మూడో బ్యారక్
జనవరి 6

అక్కా,

బాగున్నానని రాస్తే నువ్వు నమ్మవు. బాగా లేనని రాస్తే ఇక్కడ ఆఫీసులో నల్ల సిరాతో కొట్టేస్తారు. వచ్చే ఉత్తరమైనా పోయే ఉత్తరమైనా ఆఫీసరుగారు చదివి ‘చూశాం’ అని ముద్ర గుద్దాకే కదులుతుంది. ఆయనకి ఇక్కడి నుంచే ఒక నమస్కారం.

ఈ ఏడు నన్ను సెలవు మీద ఇంటికి పంపరట. తప్పు నాదేలే. మంచం పక్క గోడకి చుక్క ఫొటో అంటించుకున్నాను కదా, మొన్న భోజనాల దగ్గర ఒకడు “మీ మేనకోడలు పిచ్చిదటగా, కరుస్తుందా?” అన్నాడు. చేతిలో స్టీలు పళ్ళెం ఉంది. దాని అంచుతో ముక్కు మీద ఒకటిచ్చాను. ముక్కు పక్కకి వాలిపోయింది, వాడి ఒళ్ళో ఉన్న రొట్టె ఎర్రగా తడిసిపోయింది. తర్వాత నలుగురు వార్డర్లు కలిసి నా వీపు సాపు చేశారు. పది రోజులు ఒంటరి గదిలో బోర్లా పడుకున్నాను.

బుద్ధి వచ్చిందా అని అడుగుతావు. రాలేదు. చుక్కని శిక్షణ కేంద్రానికి తీసుకెళ్ళే ఆ వ్యాను డ్రైవర్ విషయంలోనూ రాలేదు. టైర్లు విప్పే రాడ్డుతో దవడ మీద రెండు, అడ్డం పెట్టిన చేతి మీద ఒకటి. పన్ను ఎగిరి నా చొక్కా జేబులో పడింది, పోలీసులు అందులోంచే తీశారు. మళ్ళీ ఆ సాయంత్రం వస్తే మళ్ళీ అదే చేస్తాను. నోట్లో నాలుక లేని పిల్ల ముంజేతి మీద మూడు వాతలు తేలేలా కొడితే మేనమామ చూస్తూ కూర్చుంటాడా? పదిహేడేళ్ళలో అది నాతో నోరు విప్పి చెప్పిన మొదటి సంగతి అది. డ్రైవర్ కొట్టాడని చెప్పింది.

పిల్లని కొట్టాడని వాడి మీద పెట్టిన కేసు ఏప్రిల్లో విచారణకొస్తుంది. పిల్ల నాతోనే చెప్పింది కాబట్టి ముఖ్య సాక్షిని నేనే. బేడీలు వేసి తీసుకెళ్తారు. కనీసం అప్పుడైనా మిమ్మల్నిద్దర్నీ చూస్తాను.

నీ తమ్ముడు


షాపు వెనక వంటగది
జనవరి 29

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెడదామనుకున్నాను. పళ్ళెంతో ముక్కు పగలగొట్టిన సంగతి నాకు రాస్తావేం, మెడలో దండ వెయ్యాలా? నువ్వు లోపల ఒకడి ముక్కు పగలగొడితే బయట నా అద్దాలు పగులుతున్నాయి.

ఆ డ్రైవర్‌కి ఒక అన్న ఉన్నాడు, మాంసం కొట్టు నడుపుతాడు. బుధవారం మధ్యాహ్నం మన కేకుల షాపుకి వచ్చాడు. గిరాకీ అనుకుని “ఏం కావాలండీ?” అన్నాను. “మా తమ్ముడి దవడ కావాలి” అన్నాడు. కౌంటర్ మీదున్న ఇనప స్టాండు ఎత్తి ముందు అద్దం మీద విసిరాడు. పెళ్ళి కేకు నేలపాలయింది, గాజుపెంకు నా కనుబొమ్మ చీల్చింది, నాలుగు కుట్లు పడ్డాయి. పోతూ పోతూ, “వాడు గొట్టంతో తాగుతున్నాడమ్మా. ఏడాది నించి నమల్లేదు. వాడు చీమకి కూడా హాని చెయ్యడు” అని, అంత మనిషీ గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. నేను ఫిర్యాదు ఇవ్వలేదు. ఎందుకని అడక్కు.

ఆ చప్పుడికి చుక్క చెవులు మూసుకుని గోడకేసి తల బాదుకుంది. మధ్యలో నా అరచెయ్యి పెట్టాను, ఎముకలు నుగ్గయ్యాయనిపించింది. అయినా ఆపలేదు. సున్నం మీద రక్తం మరక ఇంకా అలాగే ఉంది. చివరికి దాని చేతికి క్రీము కోన్ ఇస్తే ఆగింది. కింద పడ్డ కేకు మీదే చుక్కలు పెట్టుకుంటూ కూర్చుంది, ఒకే కొలతలో, గాజుపెంకుల పక్కనే.

ఒక మంచి మాట కూడా రాస్తాను. దాని శిక్షణ కేంద్రంవాళ్ళు మార్చిలో ఆటిజం గురించి జనానికి తెలియాలని కేకుల ప్రదర్శన పెడుతున్నారు. చుక్కనే ఒకటి చెయ్యమన్నారు. వాళ్ళిచ్చిన బొమ్మలో అతికించే ముక్కలున్నాయి, ఒక ముక్క ఖాళీ. చుక్క ఆ ఖాళీని చూడలేక కాయితాన్నే చింపేసింది. సరే, నీ ఇష్టం వచ్చింది చెయ్యవే అన్నాను.

కోర్టు సంగతి. నువ్వేం చెప్పాలో పోలీసులకి ఇంతకుముందే చెప్పావు. కొత్తగా ఏమీ కలపకు, ఏమీ తియ్యకు.

అక్క


జైలు, మూడో బ్యారక్
ఫిబ్రవరి 11

అక్కా,

మాంసం కొట్టువాడా! బయటికి రానీ, వాడి కత్తితోనే వాడిని ముక్కలు కోసి వాడి కొట్లోనే వేలాడదీస్తాను. (ఆఫీసరుగారూ, ఇది కోపంలో రాసిన మాట, కొట్టెయ్యకండి, అక్కకి నా ప్రేమ ఇలాగే తెలుస్తుంది.)

ఫిర్యాదు ఎందుకివ్వలేదు? అడక్కు అన్నావు, అడుగుతున్నాను. నువ్వు చిన్నప్పుడు నా పెన్సిలు పోతే బడి మొత్తం గడగడలాడించిన మనిషివి.

మనసు బాగోక చుక్క గురించే ఆలోచిస్తున్నాను. నేను షాపుకొచ్చి “టీ తాగుతావా?” అంటే అది “టీ తాగుతావా” అనేది. నాకే ఇస్తుందేమోనని నేను కూర్చునేవాణ్ణి, దానికే ఇస్తానేమోనని అది కూర్చునేది, టీ మాత్రం ఎవరూ పెట్టేవాళ్ళు కాదు. నువ్వొచ్చి ఇద్దర్నీ తిట్టేదానివి. బావ చేతులు దులుపుకుని పోయాక ఆ ఇంట్లో నవ్వింది ఆ టీ దగ్గరే.

అది కేకు మీద ఏం చేస్తోంది? నువ్వు అక్షరాలు నేర్పావుగా, తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము అంటూ. రాస్తోందా? ఫొటో పంపు.

తమ్ముడు


షాపు వెనక వంటగది
మార్చి 17

తమ్ముడూ,

ప్రదర్శన అయిపోయింది. అంత పెద్ద హాల్లో అందరి కేకులూ బొమ్మలూ రిబ్బన్లూనూ, చుక్కది మాత్రం తెల్లటి మూడంతస్తుల కేకు నిండా చీమల బారుల్లాంటి అక్షరాలు. తొమ్మిది రోజులు తిరిగే పీట ముందు కూర్చుని రాసింది. దాన్ని ఎవరేం అన్నారో అవన్నీ. ఎవరి మాటలు వాళ్ళ రంగులో. నీ వర్క్‌షాపు చొక్కా ఆకుపచ్చ కదా, నువ్వు ఆకుపచ్చ. వ్యాను పసుపు కాబట్టి డ్రైవర్ పసుపు. డాక్టరు నీలం. నా ఏప్రన్ ఎరుపు, నేను ఎరుపు. దాని రంగేమిటని అడిగితే “దాని రంగేమిటి” అంది.

జనం విరగబడ్డారు. ఉపన్యాసం ఇచ్చిన పెద్దమనిషి ‘ఈ మౌనం మనందరితో మాట్లాడుతోంది’ అని గొంతు గద్గదం చేసుకున్నాడు. అందరూ ఫొటోలు తీసుకున్నారు. ఒక్కరంటే ఒక్కరు వంగి చదవలేదు. బతికిపోయాననుకున్నాను, అంత చిన్న అక్షరాలు చదవాలని ఎవరైనా కూర్చుంటే పొద్దుపోయేది.

నా దగ్గరున్న ఫొటో మసగ్గా వచ్చింది. ఇంకెప్పుడైనా పంపుతాను.

అక్క


జైలు, మూడో బ్యారక్
మార్చి 26

అక్కా,

ఫొటో నువ్వు పంపకపోయినా వచ్చింది. ఆదివారం పేపర్లో కేకు నాలుగు పక్కలా దగ్గర నుంచి తీసి, అర పేజీ రంగుల్లో వేశారు. మా బ్యారక్‌లో పెద్దాయన ఒకాయన కళ్ళద్దాలు సీసా అడుగంత మందం. అవి తీసుకుని, కాయితం కిటికీ ఎండలో పెట్టుకుని, రెండు రోజులు చదివాను. ఇక్కడ తీరికకి కొదవ లేదు.

పసుపు చదివాను ముందు. ఆ మాట దొరుకుతుందని, ఆ వెధవ అన్నది కళ్ళారా చూద్దామని. “మెల్లగా దిగమ్మా.” “కిటికీ సీటు నీదే, ఎవరూ కూర్చోరు.” “హారన్ కొట్టను, భయపడకు.” “వచ్చేశాం తల్లీ, అయిపోయింది.” పసుపులో ఇంతే ఉంది. నాలుగు సార్లు వెతికాను.

ఎరుపు ఇది. “ఎన్నిసార్లు చెప్పాలి?” “నోరు ముయ్యి.” “నిన్ను కన్నందుకు.” “చెయ్యి చాపు.” “చెయ్యి చాపు.” “చెయ్యి చాపు.” మూడుసార్లు, ఒకదాని కింద ఒకటి. దాని చేతి మీద వాతలు ఎన్ని అక్కా?

ఆ మూడో దాని తర్వాత ఎరుపు గీత ఇంకా ముందుకి పోతోంది, కానీ దాని మీద ఒక క్రీము గులాబీ ఉంది. కేకు మొత్తానికీ అదొక్కటే పువ్వు. నాకు పనివాళ్ళ గుట్టు తెలియదనుకున్నావా? పేరు తప్పు పడినప్పుడల్లా నువ్వే అనేదానివి, “తప్పు మీద గులాబీ పెట్టెయ్, గిరాకీ ఇంకా మురిసిపోతాడు” అని. చుక్క పువ్వులు చెయ్యదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే నువ్వు పెట్టావు. ఆ గులాబీ కింద ఏముంది?

ఇక ఆకుపచ్చ. నా మాటలు. “టీ తాగుతావా?” ఉంది. దాని కింద “డ్రైవర్ కొట్టాడా?” ఉంది. చివర ప్రశ్న గుర్తు కూడా, కింద చుక్కతో సహా. అది చెప్పిన మాట కాదక్కా. నేను అడిగిన మాట. నేను “డ్రైవర్ కొట్టాడా?” అన్నాను, అది “డ్రైవర్ కొట్టాడా” అంది, టీ అన్నప్పుడల్లా అన్నట్టే. నాకది తెలియదా? పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా కోపంతో చెవులు మూసుకుపోయి రాడ్డు అందుకున్నాను. డకి దీర్ఘమిస్తే డా, కొమ్మిస్తే డు. నేను కొమ్ము విన్నాను. ఆ ఒక్క దీర్ఘం కోసం ఒక మనిషి మూతి పగలగొట్టి, వాడి పన్ను జేబులో వేసుకుని తిరిగాను.

నిన్న నా గుద్దుకి ఇక్కడి గోడ పెచ్చు ఊడింది. రెండు వేళ్ళు విరిగాయి. ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు బాగోకపోతే ఏమనుకోకు.

జవాబు రాయి.


షాపు వెనక వంటగది
ఏప్రిల్ 2

తమ్ముడూ,

జైల్లో కూర్చుని పేపరు చదివి నా మీద తీర్పు చెబుతున్నావా? దానికేం తెలుసు? ఎక్కడెక్కడో విన్నవి, టీవీలోవి, వీధిలోవి, అన్నీ కలిపి రాసింది. గులాబీ అందానికి పెట్టాను.

నా చొక్కా చేతులు ఎప్పుడైనా పైకి మడిచి చూశావా నువ్వు? పంటి గాట్లు మోచెయ్యి దాకా ఉన్నాయి. పోయినేడు నా వేలు విరిచింది, మిక్సర్‌లో పడిందని నీకు చెప్పాను. జుట్టు పట్టుకుని పొయ్యి వైపు లాగింది ఒకసారి, చెవి వెనక బొబ్బలెక్కింది. అది కావాలని చెయ్యదని నాకు తెలుసు. తెలిస్తే నొప్పి తగ్గుతుందా? నువ్వు వారానికోసారి వచ్చి టీ జోకు వేసి వెళ్ళేవాడివి. మిగతా ఆరు రోజులు ఎవరున్నారు?

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఏం రాయమంటావు? రాస్తే ముద్ర కొట్టే ఆయన చదువుతాడు. ఆయన ఇంకొకరికి చెబుతాడు. సర్కారు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు ఫైలు పట్టుకుని వస్తారు, చుక్కని ఏదో హాస్టల్‌కి తీసుకెళ్ళి మంచానికి కట్టేస్తారు. చుక్క పోతే నాకేం మిగులుతుంది? నువ్వు ముందు ఏం చెప్పావో కోర్టులో అదే చెప్పు. ఇంకేం అడగను నిన్ను.

అక్క


జైలు, మూడో బ్యారక్
ఏప్రిల్ 20

అక్కా,

నువ్వూ సాక్షివే కాబట్టి కోర్టులో నిన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపలేం జరిగిందో వకీలు నీకు సగమే చెప్పి ఉంటాడు. మిగతా సగం నేను చెబుతాను.

డ్రైవర్‌ని చూశాను. దవడ ఒక పక్కకి తిరిగిపోయి, నోరు పూర్తిగా మూసుకోదు. చొంగ తుడుచుకోవడానికి చేతిలో తువ్వాలు. వాళ్ళ అన్న వెనక వరసలో నన్ను నమిలేసేలా చూస్తున్నాడు. చుక్క చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నిలబడి ఊగుతోంది. అది వ్యాను వాణ్ణి చూసి వెళ్ళి, అతని పక్కనున్న కిటికీ వైపు సీట్లో కూర్చుంది. అంతమందిలో ఆ ఒక్క మనిషి పక్కనే కూర్చుంది.

ప్రభుత్వ వకీలు హెడ్‌ఫోన్లు తీయించి అడిగాడు. “డ్రైవర్ కొట్టాడా?”

“డ్రైవర్ కొట్టాడా” అంది.

“విన్నారుగా!” అన్నాడు జడ్జిగారి వైపు తిరిగి, లాటరీ తగిలినవాడిలా.

నన్ను బోనులోకి పిలిచారు. నేను చేతులు, అంటే బేడీలు, జోడించాను. “అయ్యా, సాక్ష్యం తర్వాత చెబుతాను, ముందు పిల్లని రెండు మాటలు అడగనివ్వండి” అన్నాను. సరేనన్నారు.

“చుక్కా, జడ్జిగారు కొట్టారా?”

“జడ్జిగారు కొట్టారా.”

ఎవరో నవ్వారు. “చుక్కా, ఏనుగు కొట్టిందా?”

“ఏనుగు కొట్టిందా.”

ఇక ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. డ్రైవర్ మూయలేని నోటితోనే ఏడ్చాడు, ఆ చప్పుడు నువ్వు వినకపోవడం మంచిదయింది. నా రాడ్డు దెబ్బ పడినప్పుడు వాడు అలా ఏడవలేదు.

మూడో ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. నీకు తెలుసు అదేమిటో. తలుపు కింది సందులోంచి అవతల నీ చెప్పులు కనిపిస్తున్నాయి. అడగలేదు. “మరి కొట్టిందెవరు?” అని జడ్జిగారు అడిగితే “తెలియదండీ” అన్నాను. ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం, ఇది నీకు నా ఆఖరి సాయం. కేసు జూన్‌కి వాయిదా పడింది. కొట్టిందెవరో తేలేదాకా వాడు ముద్దాయే.

వాడి దవడ విరగ్గొట్టింది నేను. దానికి నేను శిక్ష తింటున్నాను, ఇంకా వేసినా తింటాను. కానీ వాడి పేరు ఇంకా విరుగుతూనే ఉంది, అది నీ చేతిలో ఉంది. ఆ ప్రశ్న నువ్వే అడుగు. నన్ను అడిగించకు.

తమ్ముడు


షాపు వెనక వంటగది
మే 4

తమ్ముడూ, ఆఫీసరుగారూ,

ఈ ఉత్తరం ఇద్దరికీ. ఆఫీసరుగారూ, మీరు ముందు చదువుతారు కాబట్టి మీకే ముందు చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కొట్టెయ్యకండి. దీని నకలు జడ్జిగారికి పంపాను. ఇంకొకటి తీసుకుని డ్రైవర్ ఇంటికి వెళ్ళాను. వాళ్ళ ఆవిడ చదివి నా చెంప మీద కొట్టింది, రెండో చెంప మీదా కొట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. లోపలి నుంచి ఆయన ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు, ఆవిడ చెప్పింది. “పాపని కిటికీ పక్కన కూర్చోబెడుతున్నారా?” అని అడిగాడట.

జరిగింది ఇది. నువ్వు రాడ్డు అందుకున్న ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ఒక గిరాకీ మూడంతస్తుల కేకు పూర్తయింది. చుక్క దాంట్లో చెయ్యి పెట్టి, పై అంతస్తు పిండేసింది. నేను క్రీము చదును చేసే స్టీలు స్కేలు తీసుకున్నాను. అంచు వైపు పట్టుకున్నాను, తెలిసే పట్టుకున్నాను. చెయ్యి చాపు అన్నాను. అది చాపింది. ఏం అడిగితే అది చేస్తుంది కదా, చాపింది. మూడుసార్లు చాపమన్నాను, మూడుసార్లు చాపింది. మూడోసారికి తోలు చిట్లింది. నాకు చల్లగా అనిపించింది తమ్ముడూ, ఒక్క నిమిషం. ఆ నిమిషాన్ని మించి దేన్నీ నేను అసహ్యించుకోలేదు. అప్పుడన్నాను, “మామయ్యకి చెప్పకు” అని. గులాబీ కింద ఉన్నది అదే.

సాయంత్రం నువ్వొచ్చి “ఇవేంటి?” అంటే, “పొద్దున వ్యాను ఎక్కించినప్పుడు లేవు” అన్నాను. ఆ మాటే నీ చేతికి రాడ్డు ఇచ్చింది. నువ్వు చుక్కని అడగడం విన్నాను, అది తిప్పి అనడం విన్నాను, నువ్వు పరిగెత్తడం చూశాను. ఆగు అని అరిస్తే ఆగేవాడివి. నేను కోన్ నింపుకుంటూ నిలబడ్డాను.

నిన్న మధ్యాహ్నం షాపు మూసి చుక్కని పీట ముందు కూర్చోబెట్టాను. ఒక చిన్న తెల్ల కేకు పెట్టాను. స్కేలు తెచ్చి బల్ల మీద పెడితే అది వెంటనే చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకుని, స్కేలు తీసి బయట చెత్తడబ్బాలో పడేసి వచ్చాను. వచ్చి అడిగాను.

“అమ్మ కొట్టిందా?”

తిప్పి అనలేదు. చాలాసేపు ఊగింది. తర్వాత లేచి అలమరలోంచి మనమెప్పుడూ వాడని నల్ల రంగు తీసి, తనే కలిపి, కోన్ నింపుకుంది. రాసింది. కొ రాసింది, ట్టి రాసింది, సున్నా పెట్టింది, ద రాసింది. ద దగ్గర చెయ్యి ఆపింది. నేను చూస్తున్నాను, దీర్ఘమిస్తుందని. ఇవ్వలేదు. గుడి ఇచ్చింది.

కొట్టింది.

ప్రశ్న గుర్తు లేదు.

జూన్‌లో ఏమవుతుందో తెలియదు. ఫైలు పట్టుకుని వచ్చేవాళ్ళు వస్తారు. రానీ. చుక్క మంచానికి కట్టేస్తే కరుస్తుందని, హారన్ కొడితే భయపడుతుందని, ఖాళీ ముక్కని చూసి తట్టుకోలేదని, తన రంగు నలుపని వాళ్ళకి రాసిస్తాను. నువ్వు తిట్టదలుచుకున్నదంతా తిట్టు, వచ్చాక కొట్టదలిస్తే కొట్టు.

ఒకటి చెప్పాలి నీకు. అది రాయడం అయ్యేసరికి నా ఎడమ చేతి వేళ్ళ మధ్య క్రీము పువ్వులు చేసే మేకు ఉంది, దాని మీద గులాబీ తయారై ఉంది. ఎప్పుడు చేశానో నాకే తెలియదు, చేతులు వాటంతట అవే చేసేశాయి. చుక్క గులాబీని చూసింది, తన అక్షరాల మీద అరచెయ్యి గొడుగులా పట్టింది. నేను గులాబీని సింకులో వేసి నీళ్ళు వదిలాను. కేకుని షాపు ముందు అద్దంలో పెట్టాను, రోడ్డు మీదివాళ్ళు వంగితే చదవగలిగేంత దగ్గరగా.

అక్క